షాపు మూసెయ్యమన్నారు, నేను మూయలేదు

వరలక్ష్మీ వ్రతం ఆర్డర్లన్నీ నిన్న రాత్రితో ఇచ్చేశాను. ఒక్క జాకెట్టు కూడా మిగల్లేదు, ఒక్కరి చేతా మాట పడలేదు. పోయినేడాది ఇదే శ్రావణంలో మంచం మీద ఉన్నాను. షాపూ పిల్లలూ రెండూ నెత్తిన వేసుకున్న ఆడవాళ్ళకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

మాది నెల్లూరు. బాలాజీనగర్‌లో నాకు మగ్గం వర్క్, టైలరింగ్ షాపు ఉంది. పాప ఏడో తరగతి, బాబు యూకేజీ. మా ఆయన కృష్ణపట్నం దగ్గర నూనెల ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ.

మా వ్యాపారంలో ఇరకాటం ఎక్కడుందో బయటివాళ్ళకు తెలియదు. జూన్ 12న బడులు తెరుస్తారు. ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, వ్యాను అన్నీ ఒకేసారి కట్టాలి. ఆ వెనకే ఆషాఢం. పెళ్ళిళ్ళుండవు, గల్లాపెట్టె ఖాళీ. అద్దె ఆగదు, మగ్గం పనివాళ్ళకు కూలీ ఆపలేం, ఆపితే వేరే షాపుకు వెళ్ళిపోతారు. తీరా శ్రావణం రాగానే అందరికీ ఆ ఒక్క శుక్రవారానికే కావాలి. పగలు కటింగ్, సాయంత్రం హోంవర్కులు, రాత్రి పదకొండుకు కూడా "మేడం, నా బ్లౌజు ఎంతవరకు వచ్చింది" అని ఫోన్లు. పోయినేడాది నిద్ర పూర్తిగా పోయింది. ఒకరోజు పట్టు జాకెట్టు గుడ్డ మీద చాక్‌పీసుతో గీత గీస్తూ, చంక దగ్గర ఎక్కడ తిప్పాలో గుర్తు రాక ఆగిపోయాను. పదిహేనేళ్ళుగా చేస్తున్న పని! చేతులు వణికాయి, ఒళ్ళంతా చెమటలు, గుండె దడ, ఊపిరి అందలేదు.

పొగతోటలో ఒక ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఈసీజీ, ఎకో, థైరాయిడ్, షుగరు అన్నీ చేశారు, అన్నీ నార్మల్. హమ్మయ్య అనుకున్నాను. డాక్టరుగారు రిపోర్టులు చూసి నా వైపు తిరగను కూడా తిరగలేదు. మా ఆయనతో అన్నారు: "గుండెకేం లేదు. టెన్షన్ ఎక్కువ పెట్టుకుంటోంది. షాపు తీసేయించండి, ఇంట్లో కూర్చుంటే అదే సర్దుకుంటుంది." తలుపు తెరిచే ఉంది, తర్వాతి పేషెంట్లు లోపలికి తొంగి చూస్తున్నారు. "సార్, ఇంటి లోను కంతు ఆ షాపు మీదే కడుతున్నామండీ" అన్నాను. "చూశారా, ఇదే ఈమె జబ్బు" అని మా ఆయనతోనే చెప్పి నవ్వారు. నర్సమ్మ కూడా నవ్వింది. చీటీ మీద రాసిన మాత్ర దేనికని అడిగితే "వేసుకోమ్మా, నిద్ర పడుతుంది" అన్నారంతే.

ఆ మాట మా ఇంట్లో శాసనమైపోయింది. "డాక్టరే చెప్పాడు కదమ్మాయ్, ఇంకేంది?" అని అత్త. ఫోన్లోనే ఆడబిడ్డ, "పిల్లలకన్నా షాపు ఎక్కువా వదినా?" వడ్లమిల్లు నడిపే మగాయన గుండె దడ అని వెళ్తే మిల్లు మూసెయ్యమంటారా? నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. నేను జర్దోసీ పని చేసిన జాకెట్లు వేసుకుని పెళ్ళికూతుళ్ళు డల్లాస్‌లో పెళ్ళిపీటల మీద కూర్చున్నారు. పాప పుట్టిన నెలల్లో కూడా ఉయ్యాల పక్కనే మగ్గం పెట్టుకుని పనిచేసిన మనిషిని. సాయం చేయడం చేతకానివాళ్ళే మానెయ్యమని చెప్తారు.

దారి చూపింది మా షాపుకొచ్చే ఏఎన్ఎమ్ (ఆరోగ్య కార్యకర్త) అక్క. 14416కు ఫోను చెయ్యమంది. టెలీ మానస్ అంటారు, మనసు బాగోలేనివాళ్ళకు ఫోన్లో సాయం చేసే సర్కారు సేవ, కేంద్రం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. పిల్లలు పడుకున్నాక మేడ మీద కూర్చుని చేశాను. ఆ అమ్మాయి నన్ను పూర్తిగా మాట్లాడనిచ్చింది. ఎన్ని గంటలు పడుకుంటున్నారు, మధ్యాహ్నం అన్నం ఏ వేళకు తింటున్నారు, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని సూటిగా అడిగింది. అంతవరకు ఎవరూ అడగని ప్రశ్నలు. ఆ దడ భయం వల్ల ఒంట్లో వచ్చేదేననీ, కాసేపటికి దానంతటదే దిగుతుందనీ, ఊపిరి పీల్చిన దానికన్నా నెమ్మదిగా వదలమనీ చెప్పింది. షాపు సంగతి ఎత్తితే మూసెయ్యమనలేదు, ఏ పని ఎవరికి అప్పజెప్పగలరో చెప్పండి అంది.

ఆమె సలహా మీదే దర్గామిట్ట పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీకి వెళ్ళాను. క్యూ పెద్దది, పొద్దున్నే వెళ్ళండి. ఎవరైనా చూస్తారేమోనని చున్నీ కప్పుకుని నిలబడకండి, అక్కడ నాకు ఇద్దరు పాత కస్టమర్లు కనిపించారు. డాక్టరమ్మ నాతోనే మాట్లాడింది. ఏ మందు ఎందుకో చెప్పింది, హఠాత్తుగా ఆపొద్దంది.

షాపులో మార్చింది ముఖ్యంగా ఒకటే. శ్రావణం ఆర్డర్లు ఆషాఢంలోనే తీసుకున్నాను, సగం డబ్బు ముందే. ముందుగా ఇచ్చినవాళ్ళకు పికో, ఫాల్స్ ఉచితం. దాంతో ఆషాఢంలో అద్దెకూ కూలీలకూ చేతిలో డబ్బు ఆడింది, పని కూడా నెలంతా సర్దుకుంది. ఆర్డర్ల పుస్తకం నిండాక కలెక్టరుగారింటి నుంచి వచ్చినా తీసుకోలేదు. ఎనిమిది తర్వాత షాపు ఫోను ఆఫ్. కొంతమంది అలిగి పోయారు, పోనివ్వండి. అడ్వాన్సు ఇవ్వకుండా రేపటికి కావాలనేవాళ్ళను మీరూ వదిలించుకోండి. బాబు స్నానం, వ్యాను మా ఆయన పని. ఆయన మొదట గొణిగారు, ఇప్పుడు జడలు వేయడం కూడా వచ్చు. అత్తకు కళ్ళజోడు మార్పించాను. షాపులోనే కూర్చుని హుక్కులు కుడుతుంది, వచ్చినవాళ్ళకు కొలతలు సరిగ్గా చెప్పమని గదమాయిస్తుంది.

మందు ఒకటి ఇంకా నడుస్తోంది. వచ్చే నెల చూపించుకోవాలి, డోసు తగ్గిస్తామన్నారు. ఆ రోజు పొద్దున షాపు మా టైలరక్క తెరుస్తుంది, తాళాలు ఇచ్చేశాను.