బుల్లెట్‌కి సెలైన్ పెట్టిన కథ

మా బుల్లెట్‌లో గాలీ పెట్రోలూ ఏ పాళ్లలో కలుస్తున్నాయో చూడ్డానికి పెట్టిన మీటర్ 1.24 చూపిస్తోంది. అంటే గాలి ఎక్కువైంది, పెట్రోల్ సరిపోవట్లేదు. ప్లగ్ విప్పి చూస్తే కాటుక పట్టినట్టు నల్లగా ఉంది. అంటే పెట్రోల్ ఎక్కువైంది. రెండూ ఒకే ఇంజన్ గురించి, పావుగంట తేడాలో చెప్పిన సంగతులు. నేను మీటర్‌నే నమ్మాను, డబ్బులు పోసి కొన్నది దాన్నే కదా.

బండి నాన్నది. 1989 బుల్లెట్ 350, తిరువొత్తియూర్‌లో తయారైన పాత క్యాస్ట్ ఐరన్ ఇంజన్, 346 సీసీ, గేర్లు కుడికాలికి. నాన్న నడిపినన్నాళ్లూ ట్యూనింగ్ అంటే విజయవాడ ఆటోనగర్‌లో మా మెకానిక్ బాబాయి చెవే. స్క్రూడ్రైవర్‌తో ఎయిర్ స్క్రూ అటో పావు చుట్టు ఇటో పావు చుట్టు తిప్పేవాడు, తల పక్కకి వంచి వినేవాడు, "ఇంక తీస్కపో" అనేవాడు. మళ్లీ ఆర్నెల్ల దాకా గాలీ పెట్రోలూ కలిపే ఆ కార్బురేటర్ జోలికి పోయే పనుండేది కాదు.

ఈమధ్య ఆ లెక్క తప్పింది. పొద్దున ఐదు నిమిషాలైనా చోక్ తియ్యలేను, థ్రాటిల్ వదిలితే సైలెన్సర్‌లో టపటపా పేలుతుంది, మంగళగిరి దాటాక అరవై ఐదులో పట్టుకుంటే మోకాళ్లకి సెగ కొడుతుంది. ముసలిదైందిలే అనుకున్నా కానీ అసలు మారింది బండి కాదు, బంకులో పోసేది. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలై, 2025 వచ్చేసరికి ఎక్కడికెళ్లినా దాదాపు అదే దొరికే పరిస్థితి. మామూలు పెట్రోల్ కిలో పూర్తిగా కాలాలంటే 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 కిలోలు చాలు, ఇరవై శాతం కలిస్తే లెక్క 13.5 దగ్గర తేలుతుంది. ఇంజక్షన్ బళ్లలో అయితే సెన్సర్ చూసుకుంటుంది, కంప్యూటర్ సర్దుకుంటుంది. నా బండిలో ఆ పని చేసేది జెట్ అనే, సన్నటి బెజ్జం ఉన్న ఇత్తడి ముక్క. ట్యాంకులో ఏం పోశారో దానికేం తెలుసు? అదే బెజ్జం, అదే గాలి, మిశ్రమం మాత్రం సుమారు ఎనిమిది శాతం పలచనైపోయింది.

అందుకని పొగలో మిగిలిన ఆక్సిజన్ కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్ తెప్పించా. బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9, కార్లలో వాడేదే. దీన్ని ఇంజన్ నుంచి సైలెన్సర్‌కి వెళ్లే బెండ్ పైపుకి బిగించాలంటే 18 మిల్లీమీటర్ల నట్టు ఒకటి వెల్డింగ్ చేయించాలి, అదీ సెన్సర్ ముక్కు కిందికి చూసేలా ఏటవాలుగా ఉండాలి. లేకపోతే చల్లటి పైపులో చేరిన నీటిచుక్క లోపల ఎర్రగా కాలుతున్న సిరామిక్ మీద పడి పగిలిపోతుంది. దాని హీటర్‌కి కరెంటు కావాలి, ఐడ్లింగ్‌లో హెడ్‌లైటే గుడ్డిదీపంలా వెలిగే బండి ఇంకో లోడు మోయలేదు, కాబట్టి యూపీఎస్ నుంచి తీసిన 12 వోల్టుల బ్యాటరీ ఒకటి సైడు బాక్సులో పెట్టా. ప్లగ్ వాషర్ స్థానంలో వేడి కొలిచే థర్మోకపుల్ రింగు, హ్యాండిల్ మీద మీటర్, ట్యాంకు మీదుగా వైర్లు. అమ్మ చూసి "దీనికి సెలైన్ ఎక్కించావేంట్రా" అంది.

ఒక మాట. ఈ మీటర్లు చాలావరకు గాలి నిష్పత్తిని 14.7 అనే పెట్రోల్ లెక్కలోనే చూపిస్తాయి. ఇథనాల్ కలిసిన దానికి ఆ అంకె పట్టుకుంటే తలనొప్పి. లాంబ్డాకి, అంటే కావాల్సిన గాలికి ఉన్న గాలి ఎన్ని రెట్లో చెప్పే అంకెకి మార్చుకోండి. ట్యాంకులో ఏదున్నా సరే, సరిగ్గా సరిపోతే 1.00, పైనుంటే లీన్ (గాలి ఎక్కువ), కిందుంటే రిచ్ (పెట్రోల్ ఎక్కువ).

ఇక నా తెలివితక్కువ పని. ఐడ్లింగ్‌లో 1.24 కనిపించేసరికి ఎయిర్ స్క్రూ లోపలికి బిగించా. ఈ కార్బురేటర్‌లో అది గాలి స్క్రూ, లోపలికి తిప్పితే రిచ్ అవుతుంది. 1.22. పూర్తిగా బిగించా. 1.21. ఐడ్లింగ్‌లో పెట్రోల్ ఇచ్చే పైలట్ జెట్ పెద్దది వేశా. బండి దగ్గడం మొదలెట్టింది, వరండా అంతా పెట్రోల్ వాసన, మీటర్ మాత్రం ఇంకా లీన్ అంటోంది. రెండు ఆదివారాలు ఇలాగే పోయాయి. మూడోవారం సిగ్గు చంపుకుని బాబాయి దగ్గరికి తీసుకెళ్లా. స్టాండు వేసి, మీటర్ వైపు చూడను కూడా చూడకుండా, సైలెన్సర్ దగ్గర అరచెయ్యి పెట్టి అర నిమిషం ఉన్నాడు.

"మిస్సింగ్ అబ్బాయ్. నాలుగిట్లో ఒకటి పడట్లా. నీకు వినపడట్లా?"

"లీన్ చూపిస్తోంది కదా బాబాయ్."

"పాయింట్లు ఎప్పుడు చూశావు?"

చూడలేదు. ప్లగ్‌కి నిప్పురవ్వ పుట్టించే ఆ పాయింట్ల ముఖాలు గుంటలు పడి ఉన్నాయి, గ్యాప్ ఉండాల్సింది 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు, అక్కడ సగమే ఉంది. సెన్సర్ అబద్ధం చెప్పలేదండీ, అది చూసేది ఆక్సిజన్ ఒక్కటే. ఒక దెబ్బ పడకపోతే కాలని పెట్రోలూ కాలని గాలీ కలిసి బయటికొస్తాయి, దానికి ఆ గాలి కనిపించి "లీన్" అంటుంది. బెండ్ పైపు హెడ్‌లో దిగే చోట లీకున్నా ఇదే తంతు, బయటిగాలి పీల్చుకుని అంకె పెరుగుతుంది. నేను ఆ గాలిని పెట్రోల్‌తో కొట్టాలని చూశా. పాయింట్లు, కండెన్సర్ కొత్తవి వేసి స్టార్ట్ చెయ్యగానే మీటర్ ఒక్కసారిగా 0.78కి పడింది. అదీ నేను రెండువారాలు పోసిన పెట్రోల్! పాత పైలట్ జెట్ మళ్లీ వేసి స్క్రూ చుట్టున్నర వదిలితే 0.95 దగ్గర కుదురుకుంది. పైలట్ జెట్ అవతల పారెయ్యకపోవడం ఒక్కటే నేను చేసిన మంచిపని.

అయితే బాబాయి "ఇంక తీస్కపో" అన్నాక కూడా నేను ఆగలేదు, ఇక్కడ మాత్రం నాదే రైటు. ఆయన వినేది స్టాండు మీదున్న బండిని. నా బాధ అరవై ఐదులో, ఇద్దరం ఎక్కి ఎదురుగాలిలో వెళ్లేటప్పటిది, అక్కడికి ఎవరి చెవీ రాదు. థ్రాటిల్ పట్టు మీద తెల్ల టేపు అంటించి పావు, సగం, ముప్పావు గీతలు గీశా. గీతల వల్ల ఏ భాగం పనిచేస్తోందో తెలుస్తుంది: మొదట్లో పైలట్ జెట్, తర్వాత కాస్త దూరం థ్రాటిల్‌తో పైకి లేచే స్లైడ్ అడుగున ఉండే కోత, మధ్యలో ఆ స్లైడ్‌కి వేలాడే నీడిల్ (సూది), ముప్పావు దాటాక మెయిన్ జెట్. గుంటూరు రోడ్డు మీద తెల్లారి ఐదున్నరకి వెళ్లి, ఒక్కో గీత దగ్గర పది సెకన్లు కదలకుండా పట్టుకుని అంకె చూడటం. ఒక్క సెకను చూసి నమ్మితే లాభం లేదు, అంకె ఊగుతూనే ఉంటుంది.

సగం గీత దగ్గర 1.12. మోకాళ్ల సెగ ఇదే. నీడిల్ క్లిప్ ఒక గాడి కిందికి దించా, అంటే నీడిల్ పైకి లేచి పెట్రోల్ ఎక్కువ వదులుతుంది, 1.04. ఇంకో గాడి దించా, 0.96. ప్లగ్ దగ్గర వేడి రెండొందలు దాటేది కాస్తా నూటఎనభైల్లోకి వచ్చింది, ప్లగ్ బిస్కెట్ రంగు తిరిగింది. మెయిన్ జెట్ 90 ఉండేది, 95 వేసినా ఫుల్ థ్రాటిల్‌లో 0.95 దగ్గరే ఆగింది, 100 వేశాక 0.88. గాలితో చల్లబడే ఇంజన్‌కి ఫుల్ లోడులో నాకు ఆ మాత్రం రిచ్ ఉంటేనే ధైర్యం. ఇదే సెట్టింగ్‌తో మే నెల మిట్టమధ్యాహ్నం వెళ్తే ఇంకాస్త రిచ్ చూపిస్తుంది, వేడిగాలి పలచన కాబట్టి. దానికోసం మళ్లీ జెట్లు మార్చే ఓపిక నాకు లేదు.

సెన్సర్ ఇప్పుడు డబ్బాలో ఉంది, పైపు నట్టుకి బోల్టు బిగించేశా. కరెంటు లేకుండా దాన్ని పొగలో ఉంచితే మసిపట్టి చచ్చిపోతుంది. ఒక్కటి మిగిలిపోయింది: పావు గీత లోపల ఇంకా 1.08, బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో సెకండ్ గేర్‌లో చిన్న ఎక్కిలి వస్తుంది. కోత తక్కువున్న స్లైడ్ కావాలి. ఉన్నదాన్ని ఆకురాయితో రాద్దామంటే కోత పెరిగి ఇంకా లీన్ అవుతుంది. బాబాయి తన పాత సామాన్ల డబ్బా వెతుకుతానన్నాడు, పోయిన శనివారం అడిగితే "ఏదీ, ఆ అంకెల మిషన్ కూడా తీసుకురా, స్లైడ్ వేసి చూద్దాం" అన్నాడు.