తొమ్మిదింటి సినిమా

మన క్యాంపస్ సావనీర్‌కి ఏదైనా రాయమని ఫోనొస్తే, ల్యాబుల గురించి ప్లేస్‌మెంట్ల గురించి మిగతావాళ్ళు ఎలాగూ రాస్తార్లే, నేను శుక్రవారం సినిమాల గురించి రాస్తా అన్నా. అవతల మాట్లాడే జూనియర్‌కి అవేంటో తెలీదు. తెలియని బ్యాచ్‌ల కోసం చెప్తున్నా, 2000 తర్వాత కొన్నేళ్ళు మన బెంగళూరు క్యాంపస్ సెమినార్ హాల్లో శుక్రవారం వచ్చిందంటే ఏదో ఒక దేశపు ఇండిపెండెంట్ సినిమా వేసేవాళ్ళు, టికెట్ లేదు, ఇంగ్లీష్ డిపార్ట్‌మెంట్ మేడమ్ ఒకావిడ అంతా తన నెత్తిన వేసుకుని నడిపేది.

మన తెలుగు బ్యాచ్ సంగతి తెలిసిందే కదా, శుక్రవారమంటే మెజెస్టిక్ వెళ్ళి కొత్త సినిమా చూడాలి, రాత్రంతా కారిడార్లో దాని గురించి కొట్టుకోవాలి. జేబులో డబ్బుల్లేని వారం సెమినార్ హాల్‌కి పోయేవాళ్ళం. అభిరుచి గిభిరుచి ఏం లేదు, ఫ్రీ కాబట్టి వెళ్ళాం, అంతే.

కొన్ని సినిమాలు ఎల్‌సీడీ ప్రొజెక్టర్ మీద వేసేవాళ్ళు. జర్మన్ సాంస్కృతిక కేంద్రం మాక్స్ ముల్లర్ భవన్ నుంచి తెచ్చే జర్మన్ సినిమాలు మాత్రం 16 ఎంఎం రీళ్ళు, రేకు డబ్బాల్లో వచ్చేవి. ఆడియో విజువల్ సెక్షన్‌లో ఒక పెద్దాయన ఉండేవాడు, ప్రొజెక్టర్ని ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఫిల్మ్‌ని గేట్‌లోకి, అంటే లెన్స్ వెనక వెలుగు పడే సందులోకి, ఎక్కించేటప్పుడు పైన కొంచెం, కింద కొంచెం వదులుగా లూప్ వదలాలి, ఎందుకంటే గేట్ దగ్గర ఫిల్మ్ ఒక్కో ఫ్రేమ్ ఆగి ఆగి కదుల్తుంది, రీలు మాత్రం ఆగకుండా తిరుగుతూ ఉంటుంది, ఆ రెంటికీ మధ్య ఆ వదులు లేకపోతే ఫిల్మ్ పుటుక్కున తెగుతుంది. పాత ప్రింట్లలో అంచు బెజ్జాలు చిరిగిపోయి లూప్ జారిపోయేది, తెర మీద హీరోయిన్ మొహం గజగజ వణికేది, ఆయన చీకట్లోనే లీవర్ నొక్కి సరిచేసేవాడు. పెద్ద రీలు కూడా నలభై నిమిషాలకి అయిపోయేది, ఉన్నది ఒకటే మెషీన్, కాబట్టి లైట్లేసి రీలు మార్చేదాకా గోలే గోల. నిజం చెప్పాలంటే సినిమా అయ్యాక జరిగే డిస్కషన్ కంటే ఆ గోలే బాగుండేది. డిస్కషన్‌లో ఎప్పుడూ అదే ముగ్గురు నలుగురు లేచి తాము చదివిన పుస్తకాల పేర్లు చెప్పేవాళ్ళు, సినిమా గురించి ఒక్కడూ మాట్లాడేవాడు కాదు.

మేడమ్ ప్రతి సినిమాకీ ఒక జిరాక్స్ కాగితం పంచేది, అందులో మాకు నచ్చేవి డబ్బుల కబుర్లు. రాబర్ట్ రోడ్రిగ్జ్ అనే కుర్రాడు ఎల్ మరియాచి సినిమాని సుమారు 7 వేల డాలర్లతో తీశాడు, అందులో కొంత మందుల కంపెనీ ప్రయోగాలకి తన ఒళ్ళు అప్పగించి సంపాదించిందే. క్రిస్టఫర్ నోలన్ మొదటి సినిమా ఫాలోయింగ్ (1998) శనివారాలు మాత్రమే షూట్ చేశారు, ఎందుకంటే మిగతా రోజుల్లో అందరూ ఉద్యోగాలకి పోవాలి. ఇవి చదివాక మా వింగ్‌లో సగం మంది డైరెక్టర్లైపోయారు, ఎవరిదో హ్యాండీక్యామ్ తెచ్చి హాస్టల్ టెర్రస్ మీద ఒక మర్డర్ మిస్టరీ మొదలుపెట్టారు, హంతకుడి వేషం వేసినవాడు సెమిస్టర్ మధ్యలో గుండు కొట్టించుకోవడంతో అది ఆగిపోయింది. ఆ టేప్ ఎవరి దగ్గరుందో ఈ సంచిక చదివి చెప్పండి.

అసలు చెప్పాల్సింది మెస్‌లో వంట చేసే మదనపల్లె అన్న గురించి. మొదట్లో షో ఏడింటికి ఉండేది. "ఏమప్పా, ఈపొద్దు ఏం బొమ్మ?" అని అడిగేవాడు గానీ చపాతీల టైం కాబట్టి రాలేకపోయేవాడు. హాస్టల్ వాళ్ళే ఎవరో చెప్తే మేడమ్ షోని తొమ్మిదికి మార్చింది, ఆ వారమే అన్న, ఇంకో ఇద్దరు హెల్పర్లు తలకి చుట్టుకున్న తువ్వాళ్ళు కూడా విప్పకుండా వచ్చి చివరి వరసలో కూర్చున్నారు. మాజిద్ మాజిదీ తీసిన ఇరాన్ సినిమా, చిల్డ్రన్ ఆఫ్ హెవెన్ (1997). చెల్లెలి బూట్లు పోగొట్టిన పిల్లోడు, ఇద్దరికీ కలిపి ఒకటే జత, పొద్దున బడికి చెల్లెలు వేసుకెళ్ళి పరిగెత్తుకుంటూ వచ్చి ఇస్తే మధ్యాహ్నం బడికి వాడు వేసుకెళ్తాడు. సబ్‌టైటిల్స్ నేను తెలుగులో గుసగుసగా చెప్పడం మొదలుపెట్టా, కాసేపటికి మదనపల్లె అన్న "నువ్వుండు నాయనా, తెలుస్తాండాది" అన్నాడు. పందెంలో మూడో బహుమతి బూట్లు, పిల్లోడికి అదే కావాలి, తీరా ఫస్ట్ వచ్చేస్తాడు. హాల్లో ఎవరో చప్పట్లు కొట్టారు. అన్న గట్టిగా "ఫస్టొచ్చి ఏడ్సేటోణ్ని నేను యాడా సూడ్లేదు, పాపం బూట్లు పాయె గదరా" అన్నాడు, ఎవరో ఉష్ అన్నారు కూడా. ఈ సినిమాకే అంతకుముందు 1999లో ఆస్కార్ నామినేషన్ వచ్చింది, ఇరాన్‌కి అదే మొదటిది. నాకు మాత్రం ఆ సినిమా మీద అంతకంటే మంచి రివ్యూ ఇంతవరకు కనపళ్ళేదు.

ఇంకో వారం అనుకున్న ప్రింట్ రాకపోతే సంస్కార వేశారు. కన్నడ సినిమా కదా అని తెలుగు బ్యాచ్ లేవబోతుంటే మేడమ్ ఆపి, తీసినాయన మీ నెల్లూరు వాడేనయ్యా అంది. పఠాభి. పద్యాల నడుములు విరగ్గొడతానని 1939లో ఫిడేలు రాగాల డజన్ కవితలు రాసిన పఠాభిరామిరెడ్డే బెంగళూరులో ఉంటూ 1970లో ఈ సినిమా తీశాడని మాలో ఒక్కరికీ తెలీదు, ఇంటర్‌లో తెలుగు ఫస్ట్ మార్కులొచ్చినోళ్ళకి కూడా. కథ కన్నడ రచయిత అనంతమూర్తిది, హీరో గిరీష్ కర్నాడ్, కెమెరా టామ్ కోవన్ అనే ఆస్ట్రేలియా ఆయన. మద్రాసు సెన్సార్ వాళ్ళు మొదట ఆపేశారు, తర్వాత దానికే ఆ ఏడాది దేశంలో ఉత్తమ చిత్రంగా స్వర్ణపతకం. సినిమాలో చంద్రిగా వేసిన స్నేహలత పఠాభి భార్య, ఎమర్జెన్సీలో ఇక్కడి సెంట్రల్ జైల్లో పెట్టారు, ఆస్తమాతో నానా యాతన పడి 1977 జనవరిలో పెరోల్ మీద బయటికొచ్చిన కొద్దిరోజులకే పోయింది. ఆ జైలే ఇప్పటి ఫ్రీడమ్ పార్క్. మేం దాని పక్కనుంచే మెజెస్టిక్ వెళ్ళేవాళ్ళం.

ఇప్పుడు కొత్త ఆడిటోరియం కట్టారట, సౌండ్ బ్రహ్మాండం అంటున్నారు, సిరీస్ మళ్ళీ మొదలుపెట్టడానికి మా బ్యాచ్ వాళ్ళం చందా వేసుకుంటున్నాం. కమిటీ వాళ్ళు సాయంత్రం ఆరున్నరకి అనుకుంటున్నారని విన్నా. ఆరున్నరకి మెస్ వాళ్ళెవరూ రాలేరు. తొమ్మిదికి పెడతానంటేనే నా చెక్కు ఇస్తా.