గోదారి దాటాం, బోదె దాటలేం

కాకినాడ నుంచి యానాం మీదుగా అమలాపురం వెళ్దామని మా బావా నేనూ పొద్దున్నే బండి తీశాం. ముందు కాకినాడలోనే కాసేపు తిరిగాం. మెయిన్ రోడ్డు, సినిమా రోడ్డు పక్కపక్కనే సాగుతుంటే మధ్యలో అడ్డవీధులు వాటిని కలుపుతుంటాయి. రామారావుపేటలోనూ అంతే. ఒక వీధిలో లారీ అడ్డం పెడితే పక్క వీధిలోంచి పోవచ్చు. నాకీ ఊరు నచ్చేది అందుకే.

ఊరు దాటాక వరసగా వెంచర్లు. డెల్టాలో కమతాలు చిన్నవి. రైతు అమ్మిన చెక్క ఎంతుంటే లేఅవుటూ అంతే. లోపల రోడ్డు వెడల్పుగా, బాగానే ఉంటుంది, కానీ హద్దు రాయి దగ్గర ఆగిపోతుంది.

ఒకచోట దిగి చూశాం. రోడ్డు చివర పంట బోదె, అంటే చేలకి నీళ్లు తీసుకెళ్లే చిన్న కాలువ, వెడల్పు ఒక బారెడు. అవతలి వెంచర్ రోడ్డు కూడా సరిగ్గా దాని ఎదురుగానే వచ్చి ఆగింది. మధ్యలో ఒక కొబ్బరి దుంగ, పైభాగం కాళ్లకి నలిగి నున్నగా ఉంది. యూనిఫాంలో ఉన్న కుర్రాడు సైకిల్ భుజానికెత్తుకుని దాని మీదుగా నడిచొచ్చాడు. గుమ్మంలో నిలబడ్డ ఒకావిడ అవతల పచ్చరంగు మేడ చూపించి, "అది మా ఆడపడుచు ఇల్లేనండి. పిలిస్తే పలుకుద్ది. బండి మీదెళ్లాలంటే మాత్రం మెయిన్ రోడ్డెక్కి తిరిగి రావాలండి" అంది.

కింద చేలకి నీళ్లు వెళ్లాలి కాబట్టి బోదె పూడ్చకూడదు, నిజమే. కానీ రెండు తూములేసి పైన శ్లాబు పోస్తే చాలు. ఎవరు పోయాలి? అదే తేలదు.

కూడలిలో ఎన్ని దారులు కలుస్తున్నాయో, ఎన్ని వీధులు మధ్యలో ఆగిపోతున్నాయో లెక్కగట్టిన పరిశోధకులున్నారు. అమెరికాలో ఇలా తెగిపోయే వీధులు వేయడం 1994 ప్రాంతంలో పతాకస్థాయికి చేరి తర్వాత తగ్గుముఖం పట్టిందని బారింగ్టన్-లీ, మిల్లర్డ్-బాల్ 2015లో రాశారు. ప్రపంచం మొత్తం మీద మాత్రం 1975 నుంచీ పెరుగుతూనే ఉందని 2020లో తేల్చారు. ఇందులో నాకు భయం వేసేది ఒకటుంది: ఇల్లు పడగొట్టి మళ్లీ కట్టుకోవచ్చు, వీధి ఒకసారి పడ్డాక మారదు. ప్లాట్లు రిజిస్ట్రేషన్ అయ్యాక దారికి జాగా ఎవరిస్తారు?

యానాం దాటి, బాలయోగి పేరిట ఉన్న ఎదుర్లంక వంతెన ఎక్కాం. అది రాకముందు ఇక్కడ రేవు దాటించే పంటు, అంటే పెద్ద పడవ, ఎక్కాలి, లేదంటే రావులపాలెం చుట్టూ తిరిగి రావాలి. ఇప్పుడు గోదారి పాయ అయిన అంత గౌతమినీ నిమిషాల్లో దాటేశాం. పెద్ద గోదారికి వంతెన కట్టుకున్నవాళ్లం బారెడు బోదె దగ్గర ఆగిపోవడం ఎంత అన్యాయం!

అమలాపురం దగ్గర ఒక కొత్త వెంచర్‌లో అప్పుడే రాళ్లు పాతుతున్నారు. టెంటు కింద కూర్చున్నాయన్ని బావ అడిగాడు: "పక్క వీధిలోకి దారి వదుల్తున్నారా అండి?" ఇంతవరకూ ఎవరూ అడగలేదన్నాడాయన. ప్లాన్ తీసి చూపించాడు. తూర్పు రోడ్డు చివర దారికి అడ్డంగా ఒకే ఒక ప్లాటుంది, ఇంకా అమ్మలేదు. దాన్ని రోడ్డుకి వదిలేయమని ఇద్దరం చాలాసేపు నచ్చజెప్పాం. యజమానితో మాట్లాడతానని ఆ ప్లాటు చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టాడు.