ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు

2022లో కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడగానే మా ఊరి ఆడపిల్లలం ఐదుగురం గ్రౌండ్‌కు పోవడం మొదలుపెట్టాం. మాకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో ఉరకాలి. స్కూల్లో కబడ్డీ ఆడటం తప్ప నాకు పరుగు అలవాటు లేదు. అలాంటిది మూడో వారానికే పొద్దున పది రౌండ్లు, సాయంత్రం పది రౌండ్లు. గ్రౌండ్ బురదైతే సీసీ రోడ్డు మీదే. బరువు తగ్గితే టైమింగ్ వస్తుందని రాత్రి అన్నం మానేశాను.

మొదట కాలి ముందు ఎముక పొడుగునా సలుపు. కాసేపు ఉరికితే తగ్గేది. అందరికీ వచ్చేదే అన్నారు. పది రోజులకు నొప్పంతా ఒక్కచోట చేరింది. చీలమండకు జానెడు పైన, లోపలి వైపు, రూపాయి బిళ్లంత చోటు. బొటనవేలితో నొక్కితే ప్రాణం పోయేది. ఎక్స్‌రే తీయిస్తే ఏమీ లేదన్నారు.

ఆ ఫిల్మ్ చూసి కోచింగ్ సార్ అందరి ముందు, "మంచిగనే ఉంది కదా. ఉరకబుద్ధి కాకపోతే పెళ్లి చేసుకో" అన్నాడు. నాన్న కూడా "జర ఓర్చుకో బిడ్డా" అన్నాడు. నొప్పి నాదే అయినా వాళ్ల మాటే నమ్మి ఇంకో ఆరు రోజులు ఉరికాను.

ఆరో రోజు రాత్రి పడుకున్నా ఎముకలో పోటు ఆగలేదు. రెండింటప్పుడు బాత్రూమ్‌కు లేచి కాలు మోపాను. కాలు నిలవలేదు. గడప దగ్గర కూలబడి, అమ్మ లేస్తుందని కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఇక నడవలేనేమో, ఉద్యోగం కాదు కదా పొలానికి కూడా పోలేనేమో అని తెల్లారేదాకా అక్కడే వణికాను. అమ్మ చూసి నా కాలు ఒళ్లో పెట్టుకుని మైసమ్మకు మొక్కుకుంది.

నాన్న మేకను అమ్మి నల్గొండలో ఎంఆర్ఐ తీయించాడు. ఎముకకు సన్నటి పగులు, స్ట్రెస్ ఫ్రాక్చర్. మొదట్లో ఇది ఎక్స్‌రేకు దొరకదట. అక్కడి డాక్టరమ్మ కాలు చూడకముందే, "పీరియడ్స్ వస్తున్నాయా?" అని అడిగింది. మూడు నెలలుగా రావట్లేదు. ఒక బాధ తప్పిందనుకున్నాను! తిండి చాలకుండా ఒళ్లు అలిసేలా ఉరికితే అవి ఆగిపోతాయని, ఎముక బలం తగ్గుతుందని ఆమె చెప్పాకే తెలిసింది. ఎవరూ అడగని మాట అడిగిన ఆమెకు రోజూ దండం పెట్టుకుంటాను.

ఎనిమిది వారాలు ఉరకలేదు. విటమిన్ డి, రెండు పూటలా గుడ్డు, కడుపునిండా అన్నం. ఆగస్టులో ప్రిలిమ్స్ రాశాను. అరగంట నొప్పి లేకుండా నడవగలిగాకే పరుగు మొదలు. నిమిషం ఉరకడం, రెండు నిమిషాలు నడక, అదీ రోజు విడిచి రోజు. చెల్లెళ్లూ, పిక్క పట్టేయడం వేరు, ఎముక మీద ఒక్కచోట నొప్పి వేరు. నొక్కి చూసుకోండి. రాత్రి కూడా సలిపితే ఆ రోజే ఆపేయండి, ఎవరేమన్నా సరే.

డిసెంబర్‌లో 4 నిమిషాల 52 సెకన్లలో ఉరికాను. వారం తిరగకముందే కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ మీద నా ఫొటో వేసుకున్నారు. నాన్న ఒక్కడే పోయి, కోచింగ్ సార్ ఎదురుగానే నా ఫొటో ఉన్న ముక్క కోసుకుని ఇంటికి తెచ్చాడు.