శౌరి వారి గుడికి సున్నం పూయాలా?

మా గుంటూరు వైపు కతోలిక ఇళ్ళల్లో వెతికితే ఒక శౌరయ్యో, శౌరమ్మో దొరక్కపోరు. ఆ పేరుకు మూలమైన పునీత ఫ్రాన్సిస్ శౌరి (సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్) వారి దేహం ఉన్న గుడి చూడాలని అమ్మ ఏళ్ళ తరబడి అడుగుతోంది. చివరికి గోవా వెళ్ళే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కించాను.

పాత గోవా ఒకప్పుడు పోర్చుగీసువాళ్ళ రాజధాని. అంటురోగాలకు జనం ఊరు వదిలిపోయారు, గుళ్ళు మిగిలాయి. శౌరి వారి దేహం ఉన్నది వాటిలో బోం జెసూ బసిలికాలో. దాని పని 1594లో మొదలై, 1605లో ప్రతిష్ఠ జరిగింది.

లోపల హాలు సాదాగా ఉంటుంది కాబట్టి చూపు నేరుగా బంగారు పూత బలిపీఠం మీదికే పోతుంది. అక్కడ యేసు సభ (జెస్యూట్ల) స్థాపకుడు పునీత ఇగ్నేషియస్ పెద్ద విగ్రహం. గుడి ఏ బాలయేసు పేరున వెలిసిందో ఆయన మాత్రం కింద చిన్నగా ఉన్నాడు!

కుడివైపు శౌరి వారి సమాధి. అమ్మ అక్కడే జపమాల తీసింది. ఆయన 1552లో చైనా తీరపు దీవిలో కన్నుమూస్తే, దేహం మలక్కా మీదుగా 1554లో గోవా చేరింది. వెండి పెట్టె 1636-37లో గోవా కంసాలులు చేసింది. దాన్ని మోస్తున్న పాలరాతి కట్టడం ఫ్లోరెన్స్ శిల్పి ఫొగ్గిని పని, ఆ ఊరినేలిన మెడిచి వంశపు ప్రభువు మూడో కోసిమో కానుక, 1698లో అమర్చారు. అందరూ పాలరాయినే పొగుడుతారు గానీ, నా ఓటు కంసాలులకే. దేహాన్ని కిందికి దించి దగ్గరగా చూపించేది సుమారు పదేళ్ళకోసారి. 2024 నవంబర్ 21 నుంచి 2025 జనవరి 5 దాకా చూపించారు. మేం ఆ తర్వాత వెళ్ళాం, తలెత్తి పెట్టెను చూడటంతో సరిపెట్టుకున్నాం.

బయటికొచ్చాక అమ్మ అడిగింది: "ఇంత గొప్ప గుడికి సున్నమన్నా వేయించలేదేంరా?"

నిజానికి వేసే ఉండేది. ఇప్పుడు అందరూ ఫొటోలు దిగే ఆ ఎర్రగోడల మీద శతాబ్దాలపాటు సున్నపు పూత ఉంది. 1950లలో బాల్తజార్ కాస్త్రో అనే పోర్చుగీసు వాస్తుశిల్పి దాన్ని ఒలిపించేశాడు. రాయి కనిపిస్తే పాతదనం ఉట్టిపడుతుందనుకున్నాడట. ఆ గోడలు కట్టిన ఎర్రటి లేటరైట్ రాయికి సన్నని రంధ్రాలు. గోవా వానలకు నీళ్ళు తాగి అరిగిపోతుంది. రోడ్డుకు అవతలి సే కెతెడ్రల్ తెల్లగా సున్నంతోనే ఉంది. బసిలికా ముఖభాగంలో గట్టి బసాల్ట్ రాతి నగిషీలున్నాయి కాబట్టి కాస్త నయం, పక్క గోడలు మాత్రం గుల్లబారాయి.

మళ్ళీ పూయాలా వద్దా అని అక్కడ వాదన నడుస్తోంది. నన్నడిగితే పూయాల్సిందే. ఎర్రగోడలకు అలవాటుపడ్డ పర్యాటకులు గొడవ చేస్తారేమో, చేయనీయండి.