తోడు చుక్కలో ఫిజిక్స్

ఫిజిక్స్ చదివి బాక్టీరియా దగ్గరికి ఎలా పోయావని మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఇప్పటికీ అడుగుతుంటారు. అసలు కారణం మన ఫిజిక్స్ మాస్టారు.

వాయువుల పాఠం రోజు గుర్తుందా? బోర్డు మీద పెద్ద డబ్బా గీసి, అందులో సుద్దముక్కతో టకటకా చుక్కలు పెట్టి, చివరికి అరచేత్తో అన్నిటినీ కలిపి రుద్దేశారు. తెల్లటి మసక మిగిలింది. "ఏ చుక్క ఎక్కడుందో ఇక మనకు తెలీదు, అయినా పీడనం చెప్పగలం" అన్నారు. బాక్టీరియా గుంపులతో నేను ఇప్పటికీ చేసే పని అదే.

ఆస్ట్రేలియాలో ఫిజిక్స్ చదివిన రాబర్ట్ మే అనే శాస్త్రవేత్త 1972లో, జీవజాతుల మధ్య సంబంధాలను లెక్కల్లో యాదృచ్ఛిక సంఖ్యలుగా తీసుకుని చూశారు. భారీ పరమాణు కేంద్రకాల కోసం ఫిజిక్స్ శాస్త్రవేత్త విగ్నర్ వాడిన గణితం లాంటిదే. జాతులు, వాటి మధ్య లంకెలు ఒక హద్దు దాటితే వ్యవస్థ నిలవదని తేలింది. మరి గుప్పెడు మట్టిలో వేల జాతులు ఎలా బతుకుతున్నాయి? నన్ను ఈ పనిలోకి లాగింది ఈ ప్రశ్నే.

2018లో వచ్చిన ఒక ప్రయోగం చదివినప్పుడు గుంటూరు బ్రాడీపేటలో మా వంటిల్లు కళ్ల ముందుకొచ్చింది. ఆకుల మీద నుంచి, మట్టి నుంచి తీసిన సూక్ష్మజీవులకు తిండిగా గ్లూకోజ్ ఒక్కటే పెట్టారు. 48 గంటలకోసారి 4 మైక్రోలీటర్లు తీసి 500 మైక్రోలీటర్ల కొత్త ద్రవంలో కలిపారు, అలా 12 సార్లు. అమ్మ రోజూ పాలలో తోడు వేసేది ఇలాగే కదా, ఎండాకాలం త్వరగా పులుస్తుందని ఇంకాస్త తగ్గించి, స్పూను అంచుకు అంటినంతే.

తిండి ఒక్కటే కాబట్టి ఒక్క జాతే గెలుస్తుందని ఎవరైనా అనుకుంటారు. అలా జరగలేదు, చాలా జాతులు మిగిలాయి, ఎందుకంటే ఒకటి గ్లూకోజ్ తిని వదిలిన ఎసిటేట్ లాంటి వ్యర్థాలు ఇంకొకదానికి అన్నం. నన్ను కదిలించింది మాత్రం ఇది: ఒక్కో నమూనాలో మిగిలిన జాతులు వేరు, కానీ దగ్గరి జాతులను కలిపి కుటుంబాల స్థాయిలో చూస్తే దాదాపు ఒకే పాళ్లు. చుక్కలు మారాయి, మసక మారలేదు!

మాస్టారి ఆ పాఠం నోట్సు నేను ఇల్లు మారినప్పుడు పోయింది. డబ్బా బొమ్మ వేసుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఒక్క ఫోటో పంపండి, మా ల్యాబ్ గోడకు అంటిస్తాను.