మళ్లీ అదే గొలుసు

భీమవరంలో ఓ ఫైనాన్స్ కంపెనీలో బంగారం గీటి, తూచి, ఎంత అప్పు ఇవ్వొచ్చో చెప్పడం నా ఉద్యోగం. ఎవరి నగ ఎందుకొచ్చిందో అడిగే హక్కు నాకు లేదు. అయినా ఏళ్ల తరబడి ఆ కౌంటర్లో కూర్చున్నాక కొన్ని తెలిసిపోతాయి. రొయ్యల మేతకని వచ్చిన రైతు చెరువు పట్టుబడి ఎప్పుడో కూడా చెప్పి వెళ్తాడు. పిల్లల ఫీజుకని వచ్చినవాళ్లు వడ్డీ దగ్గర బేరమాడతారు. పందేల మనిషి వడ్డీ ఊసే ఎత్తడు. "డబ్బులు ఎంతసేపట్లో ఎకౌంట్లో పడతాయండి?" అంటాడు, అంతే.

సంక్రాంతికి బరుల దగ్గరా గుండాట దగ్గరా పోగొట్టుకునేవాళ్లని చిన్నప్పట్నుంచీ చూస్తున్నా. కనుమ దాటాక టెంట్లు పీకేస్తారు, ఎవరి పనికి వాళ్లు పోతారు. ఫోన్లో రమ్మీకి కనుమ రాదు.

మేత డీలరు దగ్గర గుమస్తా ఒకాయన భార్య గొలుసు తెచ్చాడు, మూడు కాసులది. కొక్కెం పక్కన చిన్న అతుకుంది, ఎక్కడ చూసినా గుర్తుపడతాను. కొన్నాళ్లకి వడ్డీతో సహా కట్టి విడిపించుకున్నాడు. రాత్రి రమ్మీలో బాగా వచ్చిందట. "ఇక జన్మలో ముట్టనండి" అన్నాడు, నేనేమీ అడక్కుండానే. నెల తిరక్కుండా అదే అతుకు మళ్లీ నా భూతద్దం కింద ఉంది.

"పోయినదంతా ఒక్క రాత్రిలో రాలేదాండీ? ఒక్క ముక్క పడుంటే ఇవాళ కూడా షో కొట్టేవాణ్ణే" అన్నాడు. ఆ ఒక్క ముక్కే మనిషిని లేవనివ్వదు. అమెరికా సైకియాట్రిస్టుల సంఘం 2013లో జూదాన్ని మద్యం, మత్తుమందుల సరసన వ్యసనాల్లో చేర్చింది. మన ధర్మరాజు సంగతి మనకు ముందే తెలుసనుకోండి. పోయినదంతా ధృతరాష్ట్రుడు తిరిగిచ్చేశాక కూడా, రెండోసారి పిలిస్తే వెళ్లి కూర్చున్నాడు. విడిపించిన గొలుసు మళ్లీ వచ్చినప్పుడల్లా నాకు ఆ రెండో పిలుపే గుర్తొస్తుంది.

ఆంధ్రాలో ఆన్‌లైన్ రమ్మీని 2020లోనే నిషేధించారు. ఈయన లొకేషన్ మార్చి చూపించే యాప్ వేసుకుని ఆడాడు. 2025 ఆగస్టులో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. "పీడా వదిలిందండి" అన్నాడు ఆ వారం. నిజంగానే సంతోషించాడు. తర్వాత ఎవరో క్రికెట్ బెట్టింగ్ గ్రూపులో చేర్చారు.

పైగా బంగారం రేటు. 2024 మొదట్లో పది గ్రాముల మేలిమి బంగారం 65 వేలకు అటూ ఇటూ ఉండేది, 2025లో లక్ష దాటేసింది. రేటు పెరిగితే కొత్త నగ తేనక్కర్లేదు, ఉన్న గొలుసు మీదే టాప్-అప్ ఇస్తాం. 'మీ బంగారంపై మరింత నగదు' అని మెసేజ్ పంపేది కూడా మేమే. మానేద్దామని కూర్చున్నవాడి ఫోన్లో ఆ మెసేజ్ మోగితే ఎలా ఉంటుందో మా పైవాళ్లు ఎప్పుడైనా ఆలోచించారో లేదో.

చివరికి ఆయన భార్య వచ్చింది. చీటీ పాడిన డబ్బుతో, ఆయన చేత సంతకం పెట్టించి గొలుసు విడిపించింది. విడిపించి, అదే కౌంటర్లో తన పేరు మీద మళ్లీ తాకట్టు పెట్టమంది, చాలా చిన్న మొత్తానికి. "మా బీరువాలో కంటే మీ దగ్గరే భద్రం అన్నయ్యగారూ. నెలనెలా వడ్డీ నేను కట్టుకుంటాను" అంది. రసీదు వెనక మానసిక సమస్యలకు ఫోన్లో సలహా ఇచ్చే టెలీ మానస్ నంబరు, 14416, రాసిచ్చాను. ప్రభుత్వానిదే, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. మొదటిసారి ఆయన రెండు నిమిషాల్లో పెట్టేశాడట. తర్వాత ఆవిడే కలిపి చేతికిచ్చి, పక్కనే కూర్చుంటోందట.

మొన్న ఆయనొక్కడే వచ్చాడు. ఆ గొలుసు మీద టాప్-అప్ ఎంతొస్తుందన్నాడు. లోను ఆవిడ పేరు మీదుంది, ఆవిడ సంతకం లేకుండా కుదరదన్నాను.

"ఊరికే అడిగానండి" అన్నాడు.